లోపలి అల్లిక

"ఈ కంచం ఎవరిది?"

వంటింటి గుమ్మంలో నిలబడి కూతురు కంచాన్ని పైకెత్తి చూపించింది. అంచున ఒక చిక్కుడుగింజ, నాలుగు మెతుకులు అంటుకుని ఉన్నాయి.

లోపలి గదిలోంచి కోడలి మూలుగు సన్నగా వచ్చి, పంటి బిగువున ఆగిపోయింది.

"మిమ్మల్నే అడుగుతున్నా. వదినకు నీళ్ళలాంటివి తప్ప ఇంకేం పెట్టొద్దని డాక్టరమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పిందా లేదా? పేగులో ఆ స్టెంటు వేసి ఇంటికి పంపించి ఇంకా నిండా రెండ్రోజులు కాలేదు. మరి ఈ కంచంలో అన్నం, చిక్కుడు కూర తిన్నదెవరు? గోడా?"

కొడుకు వ్యాను తాళాల కోసం మేకులన్నీ తడుముతున్నవాడల్లా ఆగి, తల్లి వైపు తిరిగాడు.

"నేనే పెట్టాను," అంది బుట్టలమ్మ.

వీధిలో అందరికీ ఆమె బుట్టలమ్మే. పేము బుట్టలు, కుర్చీలు, గాజు జాడీల తొడుగులు అల్లే ఆ కార్ఖానాను మొగుడు పోయాక ఒంటి చేత్తో నడుపుకొస్తున్న మనిషి. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. అయితే ఉన్న నిజమంతా ఒక్కసారే చెప్పెయ్యాలని కూడా ఆమె అనుకోదు.

"నువ్వా!" కూతురు కంచాన్ని గట్టుమీద ఠంగుమని పెట్టింది. "నువ్వేనా అమ్మా! దేవుడి ముందు గంటలకొద్దీ కూర్చునే మనిషివి, వదినను ఇంకోసారి కొయ్యకుండా చూడు సామీ అని మొక్కుకున్న మనిషివి, నీ చేత్తోనే..."

"మెల్లగా. లోపల వినపడుతుంది."

"వినపడనీ! పాపం, కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతోంది. ఇక నా గొంతు ఒక లెక్కా ఆమెకి?"

బస్సు స్టేషన్లో టికెట్ల కిటికీ వెనక కూర్చునే ఆ పిల్లను ఇంట్లో లాయరమ్మ అంటారు. చిల్లర ఇచ్చేటప్పుడు కూడా వాదించి ఇస్తుందని అన్నయ్య ఎగతాళి. ఈ రోజు మాత్రం ఆ అన్నయ్య ముఖంలో ఎగతాళి లేదు.

"ఎందుకు పెట్టావమ్మా?" అన్నాడు నెమ్మదిగా. ఆ నెమ్మది కూతురి అరుపు కంటే ఎక్కువగా గుచ్చుకుంది.

బుట్టలమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంది. చేతులు తడిగా లేవు.

"కొత్త అల్లిక కదరా," అంది. "నింపి చూడాలి కదా."



ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ముగ్గురికీ తెలుసు. కార్ఖానాలో అల్లిక ముగిసిన ప్రతి బుట్టనూ మొదటి రోజే తడి గులకరాళ్ళతో అంచు దాకా నింపి దూలానికి వేలాడదీస్తారు. బరువు పడితే తీగలు ఒకదాని ఒళ్ళో ఒకటి సర్దుకుంటాయి. ఆ రోజు నిలబడిన బుట్ట ఇక మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. నింపి చూడని బుట్ట గడప దాటడానికి వీల్లేదన్నది పోయిన పెద్దాయన పెట్టిన కట్టుబాటు. ఆయన పోయినా, అది పోలేదు.

"నాన్న ఆ మాట బుట్టల గురించి చెప్పాడమ్మా," అన్నాడు కొడుకు. "నా పెళ్ళాం గురించి కాదు."

తాళాలు వాడి చొక్కా జేబులోనే ఉన్నాయి. తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

* * *

ఆసుపత్రికి పోతున్న వ్యానులో ఇంకా దించని కుర్చీలు రెండు వెనక్కి ఆనించి ఉన్నాయి. నానిన పేము వాసన. కింద పరిచిన బొంతమీద కోడలు ముడుచుకుని పడుకుంది, తల అత్తగారి ఒళ్ళో. లాయరమ్మ ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగి చూడకుండా, "అన్నయ్యా, గుంతలు చూసుకో," అని మాత్రం అంటోంది.

"అత్తయ్యా," కోడలు కళ్ళు తెరవకుండానే పిలిచింది. "మిమ్మల్ని బాగా తిట్టారా?"

"తిట్టనీలే. కడుపున పుట్టినవాళ్ళు ఆ మాత్రం తిట్టకపోతే ఎట్లా?"

"నేను చెప్పేస్తాను..."

"నువ్వు ఊరుకో. మాట్లాడితే ఆయాసం." బుట్టలమ్మ ఆమె నుదుటిమీద చెమట తుడిచింది. "నోరు మూసుకుని దేవుణ్ణి తలుచుకో. లేదా నన్ను తిట్టుకో. ఏది సులువైతే అది."

నొప్పిలోనే కోడలి పెదవి ఒక మూలకు వంగింది. ఆ పిల్ల అంతే. పని నేర్చుకోవడానికి వచ్చి కోడలై ఉండిపోయింది. వచ్చిన కొత్తలోనే, "పిచుక తిన్నట్టు తింటావేంటి తల్లీ," అని మామగారు పేరు పెట్టారు. పిచుక అని. తిండి టైమైందని తింటుంది, పెట్టారని తింటుంది. ఆకలి అనే మాట మాత్రం ఈ ఇంట్లో ఆమె నోట ఎవరూ వినలేదు.

ఆ పిచుక కడుపులో ఉన్నదాని పేరు క్రోన్స్ జబ్బు అని తరవాతెప్పుడో తెలిసింది. ఒంటిని కాపాడాల్సిన కాపలావాళ్ళే దారి తప్పి పేగుమీద పడతారట. పుండు పడుతుంది, మానుతుంది, మళ్ళీ పడుతుంది. మానిన చోటల్లా మచ్చ గట్టిపడి లోపలి దారి ఇరుకైపోతుంది. ఒకసారి ఆ ముక్క కోసి తీసేసి రెండు చివరలూ కలిపి కుట్టారు. కుట్టిన చోటే మళ్ళీ బిగుసుకుంది. బుడగ పంపి ఉబ్బించి వెడల్పు చేశారు. కొన్నాళ్ళకు మళ్ళీ బిగుసుకుంది. మళ్ళీ బుడగ. మళ్ళీ అంతే.

"ఇక కోస్తే?" అని లాయరమ్మ ఒక రోజు డాక్టరమ్మను అడిగింది.

"పేగు తిరిగి మొలిచేది కాదమ్మా," అంది ఆమె. "ఇప్పటికే చాలా పోయింది. కోస్తూ పోతే ఒక రోజు తిన్నది ఒంటికి పట్టించే పేగే మిగలదు. అప్పుడు నరంలోంచి ఎక్కించే తిండితోనే బతకాలి. కత్తి పట్టే ముందు ఒకటి ప్రయత్నిద్దామని ఉంది నాకు."

అలా అంటూనే సొరుగు తెరిచి, స్టెంటు అనే ఒక గొట్టాన్ని తీసి బల్లమీద పెట్టింది.

ఆ క్షణం బుట్టలమ్మకు ఇప్పటికీ ఒంట్లో తగులుతూనే ఉంది. వెండిలా మెరిసే తీగలు, వెంట్రుకంత సన్నవి. ఏటవాలుగా ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి, మళ్ళీ పైనుంచి. పైన పల్చని పొర. రెండు చివరలా పువ్వు అంచులా విచ్చుకున్న పెదవులు. ఆమె అడగకుండానే చెయ్యి చాపింది. వేళ్ళు చదివేశాయి. జాడీల తొడుగుకు తను వేసే అల్లికే అది. లాగితే సన్నబడి పొడుగవుతుంది, వదిలితే పొట్టిదై వెడల్పవుతుంది.

"ఇది ఎవరు అల్లారమ్మా?"

"యంత్రం అల్లుతుంది."

"ఆ యంత్రానికి ఎవరు నేర్పారు?"

డాక్టరమ్మ నవ్వేసింది. "అది నేను ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిందే."

తరవాత ఆమె ఇంకో తమాషా చూపించింది. ఆ గొట్టాన్ని మంచునీళ్ళ గ్లాసులో ముంచి, వేళ్ళమధ్య పుల్లంత సన్నగా నలిపేసింది. అది అలాగే నలిగి ఉండిపోయింది, ప్రాణం లేని గడ్డిపోచలా. "చెయ్యి పట్టండి," అంది. బుట్టలమ్మ అరచెయ్యి పట్టింది. చల్లగా తగిలింది. తరవాత, చేతి వేడి సోకిన కొద్దీ, అది కదిలింది. మెల్లగా ఒళ్ళు విరుచుకుంది. నిద్ర లేచిన పసిబిడ్డ గుప్పిట విప్పినట్టు విప్పుకుని, గుండ్రంగా, నిండుగా, తన ఆకారంలో తాను కూర్చుంది.

"ఈ లోహానికి జ్ఞాపకం ఉంటుంది," అంది డాక్టరమ్మ. "ఒంటి వేడి తగిలితే తన రూపం గుర్తొస్తుంది. ఒక రోజో రెండు రోజులో పడుతుంది పూర్తిగా విచ్చుకోవడానికి. ఇరుకు మచ్చను లోపలినుంచి తోసుకుంటూ, పేగును అలా తెరిచి పట్టుకుంటుంది."

లాయరమ్మ ముందుకు వంగి ఆ గొట్టాన్ని వేలితో తట్టి చూసింది.

డాక్టరమ్మ మిగతావీ దాచలేదు. ఇది శాశ్వతం కాదు, కొన్ని వారాలు ఉంచి తీసేస్తారు. ఆలోగా దారి తెరుచుకుని అలాగే నిలబడితే అదృష్టం. నొప్పి పెట్టొచ్చు. జారిపోవచ్చు. బుడగే మేలు అనే డాక్టర్లూ ఉన్నారు. ఏం చేసినా జబ్బు జబ్బుగానే ఉంటుంది, మందులు మానకూడదు.

బుట్టలమ్మ చెవిలో ఇవన్నీ పడ్డాయి. కానీ ఆమె మనసు అరచేతిలోనే ఉండిపోయింది. ఆ సాయంత్రం దేవుడి పటం ముందు కూర్చుని చాలాసేపు ఏం అడగాలో తెలియక, చివరికి అడిగింది: సామీ, మనిషిని నువ్వే కదా అల్లావు. నీ అల్లిక ఒకచోట ఎందుకు బిగుసుకుపోయింది? పోనీలే, చెప్పకపోతే మానె. నీ అల్లిక లోపల మేం అల్లింది పెడుతున్నాం. కోపగించుకోకు.

* * *

ఆసుపత్రిలో డాక్టరమ్మ ముందు కోడలి పొట్ట నొక్కి చూసింది. తరవాత ముగ్గుర్నీ చూసింది.

"ఏం తిన్నది?"

లాయరమ్మ నోరు తెరిచేలోపే బుట్టలమ్మ చెప్పేసింది. అన్నం, చిక్కుడు, కొత్త బుట్ట, గులకరాళ్ళు, అన్నీ. చెబుతుంటే ఒక్కో మాటా తనకే ఎంత పిచ్చిగా ఉందో తెలుస్తూ వచ్చింది.

డాక్టరమ్మ నవ్వలేదు, కసరలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది.

"అమ్మా, బుట్ట వేలాడుతూ ఊరికే ఉంటుంది. పేగు ఊరుకోదు. నిద్రలో కూడా కదులుతూనే ఉంటుంది, పాము పాకినట్టు. పైనుంచి మీరు నింపిన దాన్నంతా అది కిందికి తోస్తుంది. ఆ తోపుకు స్టెంటు కూడా జారుతుంది. అది ఇంకా ఒళ్ళు విప్పుకుని గట్టిగా కూర్చోనే లేదు. అందుకే నీళ్ళలాంటివి మాత్రమే పెట్టమన్నాను."

"పట్టు దొరికే లోపలే బరువు పెట్టాను," అంది బుట్టలమ్మ.

"అవును."

ఒక్క మాట.

ముందు ఒక ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ దాన్ని చూసి గట్టిగా ఊపిరి వదిలింది. "పేగు చిరగలేదు. గాలి బయటికి రాలేదు. ఇది పెద్ద మాట. స్టెంటు ఎక్కడుందో సరిగ్గా తెలియాలంటే, దారి తెరిచి ఉందో లేదో తెలియాలంటే మాత్రం ఎక్స్‌రేలో తెల్లగా కనపడే రంగునీళ్ళు తాగించి చూడాలి. అవి అవతలికి పోతే దారి ఉన్నట్టు. పోకపోతే..."

"పోకపోతే?" కొడుకు అడిగాడు.

"సర్జన్‌ను పిలుస్తాను."

ముగ్గురూ వరండాలోకి వచ్చి కూర్చున్నారు. రంగునీళ్ళు ఇరుకు దాకా దిగడానికి చాలాసేపు పడుతుందన్నారు. బెంచీకి ఈ చివర తల్లి, ఆ చివర కొడుకు, మధ్యలో కూతురు. వాడి చేతిలో ఎక్కడినుంచి వచ్చిందో ఒక పేము ముక్క. వేలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు.

"అన్నయ్యా, ఏదైనా మాట్లాడు," అంది లాయరమ్మ.

"ఏం మాట్లాడమంటావ్?"

"తిట్టు. నేను తిట్టానుగా. తిడితే అమ్మకు కాస్త ఊపిరాడుతుంది. నువ్విలా మూగదెబ్బ కొడితే ఆమె ఇక్కడే కూలబడుతుంది. అప్పుడు ఇద్దరు పేషెంట్లు మనకి."

కొడుకు పేము ముక్కను బెంచీమీద పెట్టాడు.

"తిట్టడానికి నాకు నోరెక్కడిదే," అన్నాడు. "నిన్న తను మంచం దిగి నడుస్తుంటే, ఇంకొన్నాళ్ళు చూసి నేనూ పెడదామనే అనుకున్నా. మనం అందరం అక్కడే పుట్టాం కదా, ఆ గులకరాళ్ళ కిందే. అమ్మ ముందు చేసింది. అంతే తేడా."

బుట్టలమ్మ తల ఎత్తలేదు. కళ్ళు తుడుచుకోలేదు. బెంచీమీద పేము ముక్కను తీసుకుని, అలవాటుగా, చివర చిట్లిందేమో అని చూసింది.

* * *

"వచ్చి చూస్తారా?" డాక్టరమ్మే తలుపు తీసి పిలిచింది. "పెద్దావిడ ఒక్కరే రండి. చూడాల్సింది మీరే."

చీకటి గది. అద్దం అవతల బల్లమీద కోడలు వెల్లకిలా పడుకుని ఉంది. ఇవతల ఒక తెర. తెరమీద బూడిదరంగు మబ్బులు.

మొదట ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తరవాత వెన్నెముక కనపడింది, ఒకదానిమీద ఒకటి పేర్చిన గిన్నెల్లా. తరవాత, కుడివైపు కింద, అది.

అల్లిక.

మనిషి లోపల, మబ్బుల మధ్య, ఏటవాలు తీగలు. ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి. తను గిన్నెలో గంజి కలుపుతున్నప్పుడు, వీధిలో వాళ్ళతో బేరమాడుతున్నప్పుడు, ఆ పిల్ల నిద్రలో ఉన్నప్పుడు, ఎవరూ చూడని చోట, ఎవరి చెయ్యీ తగలకుండా, అది విచ్చుకుంటూనే ఉంది. వేసినరోజు తీసిన బొమ్మలో నడుము దగ్గర దారం కట్టి బిగించినట్టుండేది. ఆ బొమ్మను డాక్టరమ్మ పక్కనే పెట్టింది. ఇప్పుడు ఆ నడుము దాదాపు లేదు.

బుట్టలమ్మ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"చూడండి, వస్తోంది," అంది డాక్టరమ్మ గొంతు తగ్గించి. ఆమె గొంతులో కూడా గుళ్ళో మాట్లాడే మెత్తదనం వచ్చింది.

రంగునీళ్ళు. తెరమీద ఎండుటేరులోకి మొదటి నీరు వచ్చినట్టు వంపులు తిరుగుతూ వచ్చాయి. అల్లిక పైన ఒక చోట ఆగాయి. పేగు అక్కడ ఉబ్బింది. అడ్డుపడినదేమిటో బుట్టలమ్మకు తెలుసు. అవి తన చిక్కుడుగింజలు. తన చేతి ముద్దలు.

పేగు ఒకసారి బిగుసుకుంది. తెరమీద కనపడుతూనే ఉంది, చెయ్యి గుప్పిట పట్టినట్టు. అద్దం అవతల కోడలి కాళ్ళు ముడుచుకున్నాయి. పోలేదు.

మళ్ళీ బిగుసుకుంది. పోలేదు.

సామీ, అనుకుంది బుట్టలమ్మ. ఆపైన మాటలు రాలేదు. ఇంతకాలం ఎన్ని స్తోత్రాలు చదివింది! ఒక్కటీ గుర్తు రాలేదు. దేవుడికి మాటలతో పని ఉందా అసలు అన్న అనుమానం ఎప్పుడూ రానిది ఇప్పుడొచ్చింది. అందులో భయం లేదు.

మూడోసారి ఆ తెల్లదనం సన్నగా, దారంలా, అల్లిక పెదవి దాటి లోపలికి జారింది. తీగల మధ్య వెలిగింది. దారం తాడైంది. తాడు ధార అయింది. ఒక్కసారిగా అల్లిక నిండా తెల్లగా నిండి, కింది పెదవిలోంచి అవతలికి పొంగింది.

"పోయింది," అంది డాక్టరమ్మ. చిన్నపిల్లలా. "పోయిందమ్మా! చూశారా?"

చూసింది. నిండడం చూసింది. బతుకంతా బుట్టలు నింపిన మనిషి, నిండినది నిలవకుండా ముందుకు పోవడమే ఆ అల్లిక పని అని అప్పుడు తెలుసుకుంది.

అంతలో డాక్టరమ్మ ముందుకు వంగింది. రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టి, వేలితో ఏదో కొలిచింది. నవ్వు పోయింది.

"ఏమైందమ్మా?"

"జారింది. బొటనవేలంత. పై పెదవి ఒక్కటే ఇరుకులో పట్టుకుని వేలాడుతోంది."

* * *

కోడల్ని గదికి తెచ్చాక డాక్టరమ్మ మంచం పక్కన నిలబడి అందరికీ వినిపించేలా చెప్పింది. రెండు దారులు. ఇప్పుడే కెమెరా గొట్టం పంపి స్టెంటును బయటికి లాగేసి సర్జన్‌కు అప్పగించడం ఒకటి. కడుపులోకి చుక్క నీరు కూడా పోకుండా, నరంలో సెలైన్ పెట్టి, తెల్లారేదాకా దాన్ని అలాగే వదిలి చూడటం రెండోది. పై పెదవి పట్టు నిలిస్తే ఆ ఇరుకు తెరుచుకుని నిలబడేదాకా మోస్తుంది. జారిపోతే ఇరుకు మళ్ళీ మూసుకుంటుంది.

"అప్పుడు కోతే," అంది.

కొడుకు తల్లి వైపు చూశాడు. కూతురూ చూసింది. కార్ఖానాలో ఏ అల్లిక ఉంచాలో ఏది విప్పాలో చెప్పేది ఆమే. చూపులు అలవాటుగా వచ్చాయి.

బుట్టలమ్మ తల అడ్డంగా ఊపింది. "నన్ను అడక్కండి. నా తీర్పు ఏం చేసిందో తెరమీద చూసొచ్చాను."

"నన్ను అడగండి," అంది కోడలు.

అందరూ ఉలిక్కిపడ్డారు. ఆ పిల్ల దిండుకు ఆనుకుని, చెమటకు అంటుకున్న జుట్టు వెనక్కి తోసుకుని, మొగుడి వైపు చూసింది.

"ఏవండీ, ముందొకటి చెప్పాలి. అత్తయ్య పెట్టింది కొంచెమే. నాలుగు ముద్దలు. మళ్ళీ వేయమని కంచం చాపింది నేను. వద్దమ్మా అంటుంటే నేనే వడ్డించుకున్నాను."

లాయరమ్మ నోరు తెరుచుకుంది. "అమ్మా! నువ్వు ఈ మాట చెప్పలేదేం?"

"నువ్వు కంచం ఎవరిదని అడిగావు. ఎన్నిసార్లు వడ్డించారని అడగలేదు," అంది బుట్టలమ్మ, గోడ వైపు చూస్తూ. "ఏం లాయరువే నువ్వు?"

"వదినా, ఎందుకు? అంత ఆకలేసిందా?"

"ఆకలా?" కోడలు ఆ మాటను ఎవరిదో వస్తువులా చూసింది. "ఆకలెక్కడిది నాకు? భయంతో తిన్నాను. రోజూ ఇది నిలబడుతుందా, జారుతుందా అని లెక్కపెట్టుకుంటూ బతకడం నావల్ల కాదనిపించింది. నింపేస్తే ఒక్కసారే తేలిపోతుంది కదా అనుకున్నా. నేనూ ఆ కార్ఖానాలో మనిషినే కదండీ."

కొడుకు మంచం అంచున కూర్చుని ఆమె పాదం పట్టుకున్నాడు. ఈసారి ఆ మౌనం ఎవరినీ గుచ్చలేదు.

"డాక్టరమ్మా," అంది కోడలు, "తియ్యకండి. ఉంచండి. భయపడుతూ ఉండటం నేర్చుకుంటాను."

డాక్టరమ్మ తల ఊపింది. "సరే. ఒక్కసారి వాంతి అయినా, పొట్ట ఉబ్బినా నేను ఆగను. ఎవరూ ఏమీ పెట్టకూడదు." బుట్టలమ్మ వైపు తిరిగింది. "చుక్క కూడా."

"ఈ చేతులు కట్టేసుకుంటానమ్మా," అంది బుట్టలమ్మ.

నర్సు సెలైన్ పెట్టేదాకా ఆగి, డాక్టరమ్మ వెళ్ళబోయింది. కిటికీలోంచి సాయంత్రపు ఎండ మంచంమీద ఏటవాలుగా పడి, మెల్లగా ఎక్కుతోంది. సెలైన్ చుక్క చుక్కగా దిగుతోంది. బుట్టలమ్మ కోడలి పక్కన కుర్చీ లాక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఏం చెయ్యాలో తెలియని చేతులకేసి చూసుకుంటూ కూర్చుంది. సామీ, ఈ ఒక్క రాత్రి నువ్వే పట్టుకో, అనుకుంది. నాకు అందని చోటది.

"అత్తయ్యా."

"ఏంటి తల్లీ? మళ్ళీ నొప్పా?"

"కాదు." కోడలు పొట్టమీద చెయ్యి వేసుకుని, లోపలికి వింటున్నదానిలా కనుబొమలు ముడిచింది. ఏదో గుర్తు తెచ్చుకోవాలని చూస్తున్నట్టు, చిన్నప్పుడెప్పుడో తెలిసిన మనిషి పేరు నాలుకమీద ఆడుతున్నట్టు. "నొప్పి కాదు. లోపల ఖాళీగా... లాగినట్టు... అత్తయ్యా, నాకు ఆకలేస్తోందనుకుంటా."

లాయరమ్మ అన్నయ్య భుజం పట్టుకుంది. బుట్టలమ్మ చెయ్యి గాల్లోకి లేచింది, పెట్టడానికి ఏమీ లేక, అలాగే ఆగిపోయింది.

తలుపు పిడిమీద డాక్టరమ్మ చెయ్యి కూడా ఆగింది.

ఆమె వెనక్కి వచ్చింది. మెడలో స్టెతస్కోపు తీసి, అరచేతిలో రుద్ది వెచ్చబెట్టి, పేగు కదులుతున్న చప్పుడు కోసం కోడలి పొట్టమీద కుడివైపు కింద ఆనించింది. ఇంకో చేతి వేలు పెదవులమీద పెట్టుకుని, ఎవరూ కదలొద్దన్నట్టు చూసింది.

డాక్టరమ్మ కళ్ళు మూసుకుని వింటోంది.

బుట్టలమ్మ ఆ మూసిన కళ్ళకేసే చూస్తూ కూర్చుంది. ఎండ మంచం ఎక్కి దిండును తాకింది. డాక్టరమ్మ ఇంకా వింటూనే ఉంది.